బాకీల మీద తెచ్చిన అప్పు

సరుకు లారీ ఎక్కింది, బిల్లు వెళ్లింది, డబ్బు మాత్రం ఇంకా రాలేదు. చిన్న పరిశ్రమ నడిపేవాళ్ల దిగులంతా ఈ మూడో ముక్క చుట్టూనే తిరుగుతుంది. హైదరాబాదు బాలానగర్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో విడిభాగాలు చేసే యూనిట్‌కు శనివారం వచ్చేసరికి కూలీలకు ఇవ్వాలి, నెలాఖరుకు కరెంటు బిల్లు కట్టాలి, ఇనుము ఇచ్చిన వర్తకుడికి ఎంతో కొంత సర్దాలి. చేతికి పైసా రాకపోయినా, బిల్లు కొట్టిన పాపానికి జీఎస్‌టీ మరుసటి నెలలో కట్టి తీరాలి. కొన్న పెద్ద కంపెనీ మాత్రం మూడు నెలలకో నాలుగు నెలలకో డబ్బు పంపుతుంది. సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర సరుకు తీసుకుంటే ఎంత ఆలస్యమైనా 45 రోజుల్లో డబ్బిచ్చేయాలని 2006 నాటి చట్టం చెబుతోంది. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. అయితే రేపు మళ్లీ ఆర్డరు ఇవ్వాల్సినవాడి మీద ఫిర్యాదుకు వెళ్లేదెవరు? అందుకే యూనిట్ యజమాని రావలసిన బాకీల జాబితా పట్టుకుని బ్యాంకు మెట్లెక్కుతాడు. ఆ బాకీలనే హామీగా చూపి అప్పు తెచ్చుకుంటాడు.

ఇలా తెచ్చిన డబ్బును పుస్తకాల్లో ఎలా రాయాలి? వినడానికి ఇది గుమాస్తా తేల్చుకోవలసిన చిన్న ప్రశ్నలా ఉంటుంది. నిజానికి ఒక సంస్థ నిలబడి ఉందో, గోడకు ఆనుకుని ఉందో బయటివాళ్లకు తెలిసేది ఈ పద్దు రాసే తీరునుబట్టే. దీనికి జవాబు కాగితం మీద ఉన్న పేరులో దొరకదు. అగ్రిమెంట్ మీద రుణం అని ఉండొచ్చు, బిల్ డిస్కౌంటింగ్ అని ఉండొచ్చు, ఫ్యాక్టరింగ్ అనో అమ్మకం అనో ఉండొచ్చు. అడగవలసిన ప్రశ్న ఒక్కటే: సరుకు కొన్నవాడు డబ్బు ఎగ్గొడితే ఆ నష్టం ఎవరి నెత్తిన పడుతుంది? మన నెత్తినే పడేట్టయితే అది అప్పే. అప్పుడు రావలసిన బాకీ పూర్తి అంకెతో ఆస్తుల వైపు, తెచ్చిన సొమ్ము పూర్తి అంకెతో అప్పుల వైపు కనబడాలి. ఒకదానితో ఒకటి కొట్టేయకూడదు, ఏదీ మాయం కాకూడదు.

ఊహకు ఒక యూనిట్‌ను తీసుకుని లెక్క వేద్దాం. మార్చి 31న దానికి కొనుగోలుదారుల నుంచి 1 కోటి రూపాయలు రావాలి. యంత్రాలు, నిల్వ సరుకు కలిపి ఇతర ఆస్తులు మరో 1 కోటి. ముడిసరుకు ఇచ్చినవాళ్లకు 80 లక్షలు ఇవ్వాలి. మిగిలిన 1 కోటి 20 లక్షలు యజమాని సొంత సొమ్ము. బ్యాంకు క్యాష్ క్రెడిట్, అంటే ఒక పరిమితి దాకా అవసరమైనంత వాడుకునే అప్పు, ఇవ్వడానికి ఒప్పుకుంది. అయితే బాకీ మొత్తానికీ ఇవ్వదు. ఎవరి దగ్గర ఎంత రావాలి, ఎన్నాళ్లుగా రావాలి అని జాబితా అడుగుతుంది. తొంభై రోజులు దాటిన బాకీలను సాధారణంగా లెక్కలోకి తీసుకోదు. మన యూనిట్‌లో అలాంటివి 20 లక్షలు ఉన్నాయనుకుందాం. మిగిలిన 80 లక్షల్లో పాతిక శాతం మార్జిన్‌గా పట్టుకుంటే 60 లక్షలు తేలుతుంది. మార్జిన్ ఎంతన్నది బ్యాంకును బట్టి, ఖాతాదారును బట్టి మారుతుంది, బాకీల మీద ఇంతకంటే ఎక్కువ పట్టుకునే బ్యాంకులూ ఉన్నాయి. ఇలా తేలిన అంకెనే డ్రాయింగ్ పవర్ అంటారు. నెలనెలా ఇచ్చే స్టేట్‌మెంట్‌ను బట్టి ఇది పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. ఈ ఏర్పాటులో బాకీలు బ్యాంకు సొంతం కావు. వసూలు చేసేదీ, ఫోన్లు చేసి గుర్తుచేసేదీ యూనిట్టే. పొలం కుదువ పెట్టినా దున్నేది రైతే అయినట్టు, బాకీలు హైపోథికేషన్‌లో, అంటే స్వాధీనం చేయకుండా పెట్టిన తాకట్టులో, ఉన్నా వాటి మంచిచెడ్డలు యూనిట్‌వే.

కాబట్టి పద్దు చాలా సూటిగా ఉంటుంది. బ్యాంకు నుంచి 60 లక్షలు వాడుకుంటే నగదు 60 లక్షలు పెరిగింది, అప్పు 60 లక్షలు పెరిగింది. బాకీల ఆవర్జాలో ఒక్క గీత కూడా కదలదు, అక్కడ 1 కోటి అలాగే ఉంటుంది. వాడుకున్న మొత్తం మీద పడే వడ్డీ ఖర్చు కింద లాభనష్టాల ఖాతాకు పోతుంది. కొనుగోలుదారు ఒకరు 10 లక్షలు నేరుగా క్యాష్ క్రెడిట్ ఖాతాలో వేస్తే బాకీలు 90 లక్షలకు, అప్పు 50 లక్షలకు దిగుతాయి. ఇంతవరకూ అంతా సాఫీ. అసలు పరీక్ష ఎవరో ఒకరు చేతులెత్తేసినప్పుడే వస్తుంది. అప్పు 60 లక్షలు ఉండగా, బ్యాంకు లెక్కలోకి తీసుకున్న 80 లక్షల్లో 15 లక్షలు ఇవ్వాల్సిన కంపెనీ దివాలా తీసిందనుకుందాం. ఆ 15 లక్షలు నష్టం రాసుకోవాలి, యజమాని సొమ్ము 1 కోటి 5 లక్షలకు పడిపోతుంది. బ్యాంకు అప్పు మాత్రం ఒక్క రూపాయి తగ్గదు. పైగా బ్యాంకు లెక్కకు అందే బాకీలు 65 లక్షలకు తగ్గాయి, మార్జిన్ పోను డ్రాయింగ్ పవర్ 48 లక్షల 75 వేలు. అంటే నష్టపోయిన వారంలోనే మరో 11 లక్షల 25 వేలు బ్యాంకుకు తిరిగి సర్దాలి. నష్టమూ, నగదు కొరతా ఒకేసారి వచ్చి పడతాయి. బాకీల మీద తెచ్చిన అప్పుకు ఉన్న ఈ రెండంచుల గుణం చాలామంది యజమానులకు అనుభవంలోకి వచ్చేదాకా తెలియదు. బాకీ, అప్పు పక్కపక్కనే పుస్తకంలో కనబడుతూ ఉంటే ముందే తెలుస్తుంది.

ఇప్పుడు తప్పుడు దారి చూద్దాం. అదే 60 లక్షలను ‘బాకీల్లో కొంత ముందే వసూలైంది’ అని రాశారనుకుందాం. బాకీలు 40 లక్షలకు తగ్గాయి, అప్పు అన్న మాటే లేదు. ఆ డబ్బుతో ముడిసరుకువాళ్లకు 60 లక్షలు చెల్లించేశారు. సరైన పద్ధతిలో ఆస్తులు 2 కోట్లు, బ్యాంకు అప్పు 60 లక్షలు, సరఫరాదారులకు ఇవ్వాల్సింది 20 లక్షలు, అంటే బయటివాళ్లకు మొత్తం 80 లక్షలు బాకీ. తప్పుడు పద్ధతిలో ఆస్తులు 1 కోటి 40 లక్షలు, బయటివాళ్లకు ఇవ్వాల్సింది ఆ 20 లక్షలే. యజమాని సొమ్ము రెండు చోట్లా 1 కోటి 20 లక్షలే. లాభం కూడా రెండింటా ఒకటే, ఒక్క రూపాయి కూడా ఎక్కువ చూపించలేదు. అయినా ఒక చిత్రంలో సంస్థ రూపాయి సొంత సొమ్ముకు 67 పైసల అప్పు మోస్తోంది, రెండో చిత్రంలో 17 పైసలే. కొత్తగా అరువు ఇవ్వబోయే ఇనుము వర్తకుడు ఈ రెండో చిత్రాన్ని చూస్తే ధైర్యంగా లారీ పంపుతాడు. సంస్థ తలకిందులైతే ఆ బాకీల మీద మొదటి హక్కు బ్యాంకుదని అతనికి తెలిసే వీలే ఉండదు.

దీనికి ఒక అభ్యంతరం తరచూ వినబడుతుంది. బాకీ వసూలైతే ఆ డబ్బు ఎలాగూ బ్యాంకుకే పోతుంది కదా, రెండూ చూపి పట్టికను ఉబ్బించడం ఎందుకు, తేడా మాత్రం చూపితే చాలదా? ఈ వాదనలో కనిపించే తర్కం పైపైనే. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఇద్దరి మధ్యే ఉన్న లెక్క అయితే కొట్టేసుకోవచ్చు. మనం ఒకరికి 10 ఇవ్వాలి, అతనే మనకు 6 ఇవ్వాలి, చట్టప్రకారం చెల్లు పెట్టుకునే హక్కుంది, అలాగే తేల్చుకునే ఉద్దేశమూ ఉంది, అప్పుడు 4 చూపడం న్యాయం. మన అకౌంటింగ్ ప్రమాణాలు చెప్పేదీ అదే. ఇక్కడ ఉన్నది ముగ్గురు. బాకీ ఉన్నది కొనుగోలుదారు, అప్పిచ్చింది బ్యాంకు. కొనుగోలుదారు ఇవ్వలేదన్న కారణంతో బ్యాంకు మనల్ని వదలదు. రెండు వేర్వేరు మనుషులతో ఉన్న రెండు వేర్వేరు లెక్కలను కలిపి ఒక్కటిగా చూపితే, మధ్యలో ఉన్న ప్రమాదమే చెరిగిపోతుంది.

రెండో అభ్యంతరం ఇంతకంటే బలమైనది. ‘మేం తాకట్టు పెట్టలేదు, బిల్లులను అమ్మేశాం, చట్టప్రకారం హక్కు రాసిచ్చేశాం’ అంటారు. ఇలా బిల్లులు అమ్మే ఫ్యాక్టరింగ్‌కు మన దేశంలో 2012 నుంచి ప్రత్యేక చట్టమే అమల్లో ఉంది. అమ్మినదాన్ని ఇంకా నా ఆస్తి అని ఎలా చూపను అన్న ప్రశ్న న్యాయమైనదే. జవాబు కోసం అగ్రిమెంట్‌లో రికోర్స్ అన్న నిబంధన దగ్గరకు పోవాలి. కొనుగోలుదారు డబ్బివ్వకపోతే బిల్లు కొన్న ఫైనాన్స్ సంస్థ తిరిగి మన దగ్గరే వసూలు చేసుకోవచ్చని అందులో ఉంటే, మనం అమ్మింది కాగితం మాత్రమే, ప్రమాదం మన ఇంట్లోనే ఉంది. పెద్ద కంపెనీలు పాటించే ఇండ్ ఏఎస్ 109 చూసేది సరిగ్గా ఇదే. నష్టభయమూ ప్రతిఫలమూ దాదాపు అంతా చేతులు మారితే బాకీని పుస్తకాల్లోంచి తీసేయాలి. దాదాపు అంతా మన దగ్గరే ఉండిపోతే బాకీ అలాగే ఉంచి, వచ్చిన డబ్బును అప్పుగా రాయాలి. పాత ప్రమాణాలతో నడిచే సంస్థల్లో డిస్కౌంట్ చేసిన బిల్లులను బాకీల్లోంచి తీసేసి, చివరి నోట్సులో కంటింజెంట్ లయబిలిటీ అని ఒక వాక్యం రాయడం చాలాకాలంగా ఉన్న అలవాటు. నోట్సు దాకా వెళ్లి చదివే పాఠకుడు తక్కువ. మీద పడొచ్చు, పడకపోవచ్చు అన్నట్టు రాసిన ఆ వాక్యం, చేతిలోకి ఇప్పటికే డబ్బు తీసుకున్న సంగతిని చెప్పాల్సినంత గట్టిగా చెప్పదు. ఈ విషయంలో కొత్త ప్రమాణమే మేలని నా అభిప్రాయం.

నిజంగా అమ్మినట్టయ్యే సందర్భాలూ ఉన్నాయి, వాటిని కూడా అప్పు కింద తోసేస్తే అది మరో తప్పు. రిజర్వు బ్యాంకు 2014 డిసెంబరులో మార్గదర్శకాలిచ్చిన, చిన్న సంస్థలు బిల్లులు అమ్ముకునే ట్రెడ్స్ వేదికలు ఇందుకు మంచి ఉదాహరణ. చిన్న పరిశ్రమల బ్యాంకు సిడ్బీ, నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ కలిసి పెట్టిన ఆర్‌ఎక్స్‌ఐఎల్, ఎం1ఎక్స్ఛేంజ్, ఇన్‌వాయిస్‌మార్ట్ లాంటివి ఈ కోవలోవి. చిన్న సంస్థ బిల్లును అక్కడ పెడుతుంది, కొన్న కంపెనీ అవునని ఒప్పుకుంటుంది, బ్యాంకులు ఎంత తగ్గింపుకు కొంటాయో పోటీగా చెబుతాయి. గడువు రోజున కొన్న కంపెనీ ఖాతా నుంచే డబ్బు కట్ అవుతుంది. అది ఎగ్గొడితే బ్యాంకు చిన్న సంస్థ దగ్గరకు రాకూడదన్నది నిబంధన. ఇక్కడ బాకీని పుస్తకాల్లోంచి తీసేయడమే సరైనది. అమ్మినవాడు మోసిన తగ్గింపు ఏదైనా ఉంటే అది ఖర్చు, అప్పన్నది లేదు. సరుకు నాసిరకమని కొన్నవాడు వెనక్కి పంపితే అమ్మినవాడి పూచీ ఉంటుంది కదా అంటారు. ఉంటుంది. అయితే అది సరుకు నాణ్యతకు ఇచ్చిన మాట, కొన్నవాడి చెల్లింపు శక్తికి ఇచ్చిన మాట కాదు. ఈ రెంటినీ కలిపేయకూడదు. మధ్యస్థ ఏర్పాట్లే చిక్కు తెస్తాయి. ‘అమ్మకమే, కానీ మొదటి 20 శాతం నష్టం నేనే భరిస్తాను’ అన్న ఒప్పందాన్నే తీసుకోండి. మామూలుగా ఆ బాకీల్లో మునిగేది రెండు మూడు శాతమే అయితే, ఇరవై భరిస్తానన్నవాడు దాదాపు నష్టమంతా తనే ఉంచుకున్నట్టు. పేరు అమ్మకమైనా అది అప్పే. అమెరికా ప్రమాణాల్లో ప్రశ్న కాస్త వేరుగా ఉంటుంది. అమ్మిన సంస్థ దివాలా తీసినా దాని అప్పులవాళ్లు ఆ బాకీని ముట్టుకోలేనంతగా అది చేతులు మారిందా, దానిమీద అదుపు వదులుకున్నారా అని అక్కడ చూస్తారు. దారి వేరైనా, కాగితం మీది పేరును నమ్మవద్దన్న జాగ్రత్త మాత్రం రెండు చోట్లా ఉంది.

పద్దు పేరు మారితే నగదు ప్రవాహ పట్టిక కూడా మారిపోతుంది. దీని గురించి తక్కువగా మాట్లాడతారు, కానీ వాటాదారులను ఎక్కువగా దారి తప్పించేది ఇదే. అప్పు తెచ్చిన 60 లక్షలు ఆ పట్టికలో ఫైనాన్సింగ్ విభాగంలో కనబడతాయి. అదే బిల్లులు అమ్మినట్టు రాస్తే వ్యాపారం నుంచి వచ్చిన నగదులో కలిసిపోతాయి. వసూళ్లు మందగించిన ఏడాదిలో కూడా వ్యాపారం డబ్బు కురిపిస్తున్నట్టు కనబడుతుంది. మరుసటి ఏడాది ఆ భ్రమను నిలబెట్టుకోవాలంటే అంతే మొత్తం బిల్లులు మళ్లీ ఇవ్వాలి, ఇంకాస్త ఎదిగినట్టు చూపాలంటే ఇంకా ఎక్కువ ఇవ్వాలి. ఒక్క ఏడాది ఆపితే గుట్టు బయటపడుతుంది.

ఇది ఊహ కాదని ఇటీవలి చరిత్ర చెబుతోంది. 2018 జనవరిలో కూలిన బ్రిటన్ నిర్మాణ సంస్థ కరిలియన్‌ది ఇదే కథ తిరగేసిన రూపం. దాని సరఫరాదారుల బిల్లులను బ్యాంకులు ముందే చెల్లించేవి, తర్వాత కరిలియన్ బ్యాంకులకు కట్టాలి. బ్యాంకులకు పడిన ఆ బాకీ అప్పుగా కాకుండా ఇతర చెల్లింపుల్లో కలిసి ఉండిపోయింది. అది దాదాపు 50 కోట్ల పౌండ్ల దాకా ఉండవచ్చని ఒక రేటింగ్ సంస్థ తర్వాత లెక్క తేల్చింది. 2021 మార్చిలో బిల్లుల మీద అప్పులిచ్చే గ్రీన్‌సిల్ క్యాపిటల్ కుప్పకూలింది. దాని ద్వారా ఇచ్చిన అప్పుల్లో కొన్ని, ఇంకా అమ్మని సరుకుకు ముందుముందు రావచ్చని ఊహించిన బిల్లుల మీద ఇచ్చినవి. ఆ అప్పుల మీద నడిచిన క్రెడిట్ స్వీస్ నిధుల్లో దాదాపు 1000 కోట్ల డాలర్లు ఒక్కసారిగా నిలిచిపోయాయి. పుట్టని బిడ్డను హామీగా పెట్టుకోవడమంటే ఇదే. 2025 సెప్టెంబరు చివర్లో అమెరికాలో దివాలా పిటిషన్ వేసిన వాహన విడిభాగాల సంస్థ ఫస్ట్ బ్రాండ్స్ విషయంలో మరో ప్రశ్న లేచింది. ఒకే బిల్లును ఒకరికంటే ఎక్కువమందికి ఇచ్చి డబ్బు తెచ్చారా అన్నది అక్కడ విచారణకు వచ్చిన అంశాల్లో ఒకటి. ఒకే చేనును ఇద్దరికి కుదువ పెట్టడం మన పల్లెలకు తెలియని సంగతేమీ కాదు. చేనుకైతే సర్వే నంబరు ఉంటుంది, బిల్లు నకలుకు అలాంటిదేమీ లేకపోవడమే ఇన్నాళ్లూ ఉన్న లోపం.

బాకీ అసలు ఉందా అన్న ప్రశ్న తెలుగు పాఠకులకు బాగా గుర్తుండాలి. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు మోసం ఒప్పుకుంటూ రాసిన లేఖలో అందరి కళ్లూ లేని నగదు మీదే పడ్డాయి. అదే లేఖలో ఇంకో వాక్యం ఉంది: పుస్తకాల్లో చూపిన 2,651 కోట్ల బాకీల్లో 490 కోట్లు ఎక్కువ చేసి చూపినవి. అక్కడ విషయం తాకట్టు కాదు. కానీ లేని బిల్లు పుస్తకంలోకి ఎక్కగలిగినప్పుడు, అది బ్యాంకుకిచ్చే జాబితాలోకి ఎక్కడం ఎంతసేపు? మన నియమాలు ఈ దిశగా గట్టిపడ్డ తీరు సంతోషించదగ్గది. బాకీల మీద కంపెనీ ఛార్జ్, అంటే అప్పిచ్చినవాడికి హామీ హక్కు, సృష్టిస్తే 30 రోజుల్లో కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయాలి. నమోదు కాని ఛార్జ్‌ను కంపెనీ మూతపడేటప్పుడు లిక్విడేటర్ పట్టించుకోనక్కర్లేదు. 2023 ఆగస్టు నుంచి ఏడాది టర్నోవరు 5 కోట్లు దాటిన సంస్థలు, వ్యాపార సంస్థలకు ఇచ్చే బిల్లులను ఈ-ఇన్‌వాయిస్‌గా నమోదు చేయాలి. అలా నమోదు చేసినప్పుడు వచ్చే నంబరును బట్టి బిల్లు నమోదైందో లేదో చూడొచ్చు, దాన్ని ఎవరికైనా తాకట్టు పెట్టారా అన్నది మాత్రం దానివల్ల తెలియదు. వీటన్నిటికంటే 2021 ఏప్రిల్ 1 నుంచి అమలైన, కంపెనీల చట్టంలోని షెడ్యూల్ 3 సవరణ నాకు ముఖ్యంగా తోస్తుంది. సరుకు, బాకీల హామీ మీద బ్యాంకు అప్పు తెచ్చిన కంపెనీ, తాను మూడు నెలలకోసారి బ్యాంకుకిచ్చిన స్టేట్‌మెంట్లు తన పుస్తకాలతో సరిపోయాయో లేదో చెప్పాలి. సరిపోకపోతే తేడా ఎంత, ఎందుకు అని వివరించాలి. ఇలాంటి హామీ మీద మంజూరైన వర్కింగ్ క్యాపిటల్ పరిమితి 5 కోట్లు దాటితే ఆడిటర్ కూడా తన నివేదికలో ఈ మాట విడిగా చెప్పాలి.

ఇదంతా చిన్నవాడి మీద పెద్ద భారం కాదా, అప్పు పూర్తిగా చూపిస్తే రేటింగ్ తగ్గి వడ్డీ పెరగదా అన్నది చివరి అభ్యంతరం. దీన్ని తేలిగ్గా తీసిపారేయలేం, పల్చటి లాభంతో నడిచేవాళ్లకు అర శాతం వడ్డీ కూడా బరువే. అయితే ఆ అప్పు ఎవరికి తెలియకుండా దాగుతుంది? ఇచ్చిన బ్యాంకుకు తెలుసు. మరో బ్యాంకు క్రెడిట్ బ్యూరో రిపోర్టులో చూసుకుంటుంది. తెలియనిది అరువు మీద సరుకిచ్చిన వర్తకుడికి, కొత్తగా చేరిన భాగస్వామికి, తన పుస్తకమే చూసి ధైర్యపడే యజమానికి. భారం తగ్గించే దారి పద్దును మార్చడంలో లేదు, ఆలస్యాన్ని తగ్గించడంలో ఉంది. టర్నోవరు 250 కోట్లు దాటిన కంపెనీలన్నీ ట్రెడ్స్‌లో చేరాలని కేంద్రం 2024లో ఆదేశించింది. గడువులోగా చిన్న సంస్థలకు ఇవ్వని మొత్తాన్ని నిజంగా చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా ఒప్పుకోవాలని ఆదాయపు పన్ను చట్టంలోనూ నిబంధన పెట్టారు. ఇవి గట్టిగా అమలైతే చిన్న సంస్థ తన బాకీని తాకట్టు పెట్టే అవసరమే తగ్గుతుంది.

అప్పటిదాకా, ఒక కంపెనీ వాటా కొనబోయేవారైనా, దానికి సరుకు అరువివ్వబోయేవారైనా వార్షిక నివేదికలో మూడు నోట్సులను పక్కపక్కన పెట్టుకుని చదవాలి. అప్పుల నోట్సులో హామీగా బాకీలు ఉన్నాయేమో చూడాలి. బాకీల వయసు పట్టికలో ఆరు నెలలు దాటినవి గత ఏడాదికంటే ఎంత పెరిగాయో చూడాలి. ఎందుకంటే తొంభై రోజులకే బ్యాంకు లెక్కలోంచి సాధారణంగా జారిపోయేవాటిలో అవీ ఉంటాయి. ఆ తర్వాత బ్యాంకుకిచ్చిన స్టేట్‌మెంట్‌కూ పుస్తకానికీ మధ్య తేడా ఉందన్న చోట, కంపెనీ రాసిన కారణాన్ని మాట మాటా చదవాలి. నెలాఖరు లెక్క ముగియకముందే తాత్కాలిక అంకెలు ఇచ్చాం అన్న వివరణ ఒక త్రైమాసికానికి నమ్మొచ్చు. నాలుగు త్రైమాసికాల్లోనూ అదే కారణం, నాలుగుసార్లూ బ్యాంకుకు చూపిన బాకీలే ఎక్కువగా ఉంటే, ఆ ఎక్కువ మొత్తం మీద ఎంత అప్పు తీశారో లెక్క వేసుకోవాలి.